ఓలాండ్‌లో మూడు రోజులే ఉంటే దక్షిణ సగం చాలు

మీరు రాసిన వివరాలను ముందు ఒకచోట పెట్టుకుంటాను. మీరు స్వీడన్‌లోని మాల్మోలో ఉంటున్నారు, కారు ఉంది. అమ్మగారు, నాన్నగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. పాపకు ఏడేళ్లు. అందరూ శాకాహారులు. మే నెలాఖరులో గానీ జూన్ మూడో వారంలో గానీ మూడు రోజులు ఆ దేశపు ఆగ్నేయ తీరం దగ్గరి ఓలాండ్ దీవికి వెళ్లి పూలు, పక్షులు చూడాలనుకుంటున్నారు. ఉత్తర కొస నుంచి దక్షిణ కొస దాకా పద్నాలుగు చోట్లు రాసుకుని, అవన్నీ చూడటానికి మూడు రోజులు సరిపోతాయా అని అడిగారు.

కారులో తిరిగి రావడానికి సరిపోతాయి. పూలూ పక్షులూ చూడటానికి సరిపోవు. ఉత్తర భాగాన్ని ఈసారికి పూర్తిగా వదిలేయండి. మే చివరి వారమే ఖాయం చేసుకోండి. దక్షిణ భాగంలోని మొర్బిలొంగా ఊళ్లోనో, విక్లెబి ఊరి పరిసరాల్లోనో ఒకేచోట బస చేసి, మూడు రోజులూ అక్కడి నుంచే తిరగండి. ఇలా ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెబుతాను.

ఓలాండ్ పొడవు 137 కిలోమీటర్లు. వెడల్పు మాత్రం ఎక్కడా పదహారు కిలోమీటర్లకు మించదు. దీవికి ఎదురుగా ప్రధాన భూభాగం మీదున్న కల్మార్ పట్టణం నుంచి వంతెన దాటితే దీవి నడిమికి కొంచెం దక్షిణంగా, ఫార్యెస్తాదెన్ దగ్గర దిగుతారు. అక్కడి నుంచి దక్షిణ కొసకు సుమారు యాభై కిలోమీటర్లు. ఉత్తర కొసకు దాదాపు దానికి రెట్టింపు. రెండు కొసలూ పెట్టుకుంటే రోజులో మంచి వేళంతా కారు అద్దంలోంచే గడిచిపోతుంది. పైగా మీ జాబితాలో ఉత్తరాన ఉన్న నెప్టూని ఓక్రార్ అనే రాళ్ల తీరం నీలిపూలతో నిండేది జూన్ చివర, జూలైలో. మేలో వెళితే అక్కడ బూడిదరంగు గులకరాళ్లే ఉంటాయి. ట్రోల్‌స్కూగెన్ అడవిలో గాలికి మెలి తిరిగిన పైన్ చెట్లు ఏ కాలంలోనైనా అలాగే ఉంటాయి. వాటిని ఇంకో ఏడాది జూలైలో, సముద్రస్నానాలకు వెళ్లినప్పుడు చూడవచ్చు. దక్షిణ ఓలాండ్ అలా కాదు. అక్కడి పూలు మన కోసం ఆగవు.

దక్షిణాన అసలు చూడవలసింది స్టోరా అల్వారెత్. సుమారు 260 చదరపు కిలోమీటర్ల సున్నపురాతి మైదానం. కర్నూలు జిల్లా బేతంచెర్ల వైపో, తాండూరు వైపో నాపరాతి గనుల దగ్గర మట్టి తీసేసిన నేలను చూసిన వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. ఆకాశం కింద పరిచిన నాపబండల మీద గుప్పెడు మట్టి చల్లి వదిలేస్తే ఎలా ఉంటుందో అల్వారెత్ అలా ఉంటుంది. చాలాచోట్ల మట్టి రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు, కొన్నిచోట్ల అసలే ఉండదు. మంచుయుగపు హిమానీనదాలు గీకి వదిలిన రాతి పలక అది. చెట్లు దాదాపు లేవు. అక్కడక్కడా జూనిపర్ పొదలు, సున్నం లేకుండా పేర్చిన రాతి గోడలు, దూరంగా ఓ గాలిమర.

అందుకే కారు దిగిన వెంటనే నాన్నగారు "ఇక్కడ చూడటానికి ఏముంది?" అని అడిగే అవకాశం ఎక్కువ. నిలబడి చూస్తే నిజంగానే ఏమీ కనిపించదు. ఇక్కడి బతుకంతా చీలమండ ఎత్తులోనే. మోకాళ్ల మీద కూర్చోవాలి, వీలైతే బోర్లా పడుకోవాలి. పాపకు ఓ చిన్న భూతద్దం కొనివ్వండి. ఈ ప్రయాణానికి కెమెరా కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

అక్కడ మొక్కలు అంత పొట్టిగా, అన్ని రకాలుగా ఎందుకున్నాయో తెలిస్తే చూపు మారుతుంది. చలికాలంలో ఆ పలుచని మట్టిలోని నీరు గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. ప్రతిసారీ మట్టి ఉబికి, కుంగి, పక్కకు జరుగుతుంది. వేళ్లూనుకోబోతున్న మొక్కను అది పైకి నెట్టేస్తుంది. వసంతంలో రాయి పగిలినచోట నీరు చటుక్కున కిందికి దిగిపోతుంది, పగలనిచోట మడుగు కడుతుంది. అదే మడుగు జూన్ గడిచేసరికి ఎండి నెర్రెలిస్తుంది. గడ్డకట్టడం, మునిగిపోవడం, మాడిపోవడం ఒకే ఏడాదిలో తట్టుకోగల మొక్కలే అక్కడ మిగులుతాయి. ఏపుగా ఎదిగి మిగతావాటిని కమ్మేసే మొక్క ఏదీ నిలవదు కాబట్టి చిన్నవాటికి చోటు దొరుకుతుంది. కొండశిఖరాల మీద పెరగవలసిన గడ్డి, తూర్పున స్టెప్పీ మైదానాల్లో పెరగవలసిన మాచిపత్రి జాతి మొక్క, దక్షిణ ఐరోపా మొక్క, మూడూ ఒక్క చదరపు మీటరులో పక్కపక్కన కనిపించడం ఇక్కడి విశేషం. మంచుయుగం వెనక్కి తగ్గిన కాలంలో వచ్చి, మిగతా చోట్ల అడవులు పెరిగి కనుమరుగైనవి ఇక్కడ మిగిలిపోయాయి.

వాటిలో మీరు తప్పక వెతకవలసింది స్వీడిష్‌లో ఓలాండ్స్‌సూల్‌వెండా అనే పసుపు పువ్వు. ప్రపంచంలో ఈ దీవి మీద తప్ప ఇంకెక్కడా సహజంగా పెరగదు. కాండం నేలను కరచుకుని ఉంటుంది, ఆకులు సన్నగా ఉంటాయి. పువ్వుకు ఐదు రేకులు, వెడల్పు సెంటీమీటరో, సెంటీమీటరున్నరో. ఎండ కాస్తేనే విప్పారుతుంది, మబ్బు పడితే ముడుచుకుంటుంది. పొద్దున పదింటికి ఎండలో బండ అంచంతా పచ్చగా మెరుస్తున్న చోటుకు సాయంత్రం వెళితే దాని ఆనవాలు పట్టడం కష్టం. కాబట్టి మధ్యాహ్నం లోపే, ఎండ ఉన్నప్పుడే వెతకండి. మే చివర పూత మొదలవుతుంది, జూన్‌లో ముమ్మరమవుతుంది. మీరు వెళ్లే వారంలో మొదటి పూలు దొరకాలి.

ఆర్కిడ్ల సంగతి దీనికి తలకిందులు. దీవి మీద ముప్పైకి పైగా ఆర్కిడ్ జాతులు ఉన్నాయి. వాటిలో మేలో పూసేవే ఎక్కువ అందమైనవని నా అభిప్రాయం. స్థానికులు ఆడమ్-ఈవా అని పిలిచే ఆర్కిడ్ జానెడు ఎత్తుంటుంది. ఒకే పచ్చికలో లేత పసుపు పూల మొక్కలు, వాటి పక్కనే ముదురు ఊదా-ఎరుపు పూల మొక్కలు కలిసి పూస్తాయి. రెండూ ఒకే జాతి. దగ్గరగా వంగి చూడండి. పసుపు పువ్వు కింది పెదవి మీద చిన్న చిన్న ఎర్రని చుక్కలు ఉంటాయి, తేనె ఇటు ఉందని దారి చూపినట్టు. పువ్వు వెనక బొద్దుగా, కిందికి వంగిన గొట్టం ఉంటుంది. అందులో తేనె ఒక్క చుక్క కూడా ఉండదు. అప్పుడే చలికాలపు నిద్ర లేచిన తుమ్మెద ఆశగా తల దూరుస్తుంది. తేనె దొరకదు గానీ తలకు రెండు పుప్పొడి ముద్దలు అంటుకుంటాయి. పసుపు పువ్వులో మోసపోయిన తుమ్మెద తరవాత ఎర్ర పువ్వు వైపు వెళుతుంది, అక్కడా అంతే. పచ్చికలో ఏ రంగు తక్కువగా ఉంటే ఆ రంగుకే తుమ్మెదలు ఎక్కువగా వస్తాయని పరిశోధకులు ప్రయోగాలు చేసి చూశారు. అందుకే ఏ రంగూ అంతరించకుండా రెండూ నిలిచి ఉన్నాయని వాళ్ల వివరణ. పాపతో పచ్చికలో కూర్చుని, తుమ్మెద ఏ రంగు నుంచి ఏ రంగుకు వెళుతోందో ఓ పావుగంట చూడనివ్వండి. ఏడేళ్ల పిల్లలకు మనకంటే ఓపిక ఉంటుంది.

ఒక్క పువ్వు కూడా తెంపకూడదు. స్వీడన్‌లో అడవి ఆర్కిడ్లన్నిటికీ చట్టరక్షణ ఉంది. అమ్మగారికి బయలుదేరే ముందే చెప్పండి. పూజకని ఓ పువ్వు కోసే చెయ్యి మన పెద్దలకు అలవాటుగా ముందుకు వెళుతుంది.

జూన్ మూడో వారం ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది. అప్పటికి మే ఆర్కిడ్లు వాడిపోతాయి, ఎగువ అల్వారెత్ ఎండడం మొదలవుతుంది, పక్షుల పాట తగ్గుతుంది. దానికి తోడు మిడ్‌సమ్మర్ పండుగ. ఏటా జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం నాడు స్వీడన్ అంతా ఊళ్లు వదిలి బయలుదేరుతుంది, అందులో పెద్ద భాగం ఓలాండ్‌కే వస్తుంది. గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. పువ్వుల స్తంభం చుట్టూ ఆటపాటలు చూడాలనుకుంటే అది వేరే సరదా, దాని కోసం వేరే ప్రయాణం పెట్టుకోండి. మే నెలలోనూ క్రైస్తవుల ఆరోహణ పర్వదినం గురువారం వచ్చే వారాంతం, జూన్ 6 జాతీయ దినోత్సవం ఉన్న వారాంతం రద్దీగా ఉంటాయి. వీలైతే సోమవారం నుంచి బుధవారం వరకు పెట్టుకోండి.

పక్షుల కోసం ఒక పొద్దు పూర్తిగా ఒట్టెన్‌బికి ఇవ్వండి. దీవి దక్షిణ కొస అది. 1785లో కట్టిన లొంగే యాన్ దీపస్తంభం అక్కడే ఉంది. 41.6 మీటర్ల ఎత్తు, స్వీడన్‌లో అంత ఎత్తయిన దీపస్తంభం మరొకటి లేదు. 1946 నుంచి అక్కడ పక్షి పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. వలస పక్షులను వలలతో పట్టి, కాలికి సన్నని కడియం తొడిగి, కొలతలు రాసుకుని వదిలేస్తారు. దాని పక్కనే సందర్శకుల కేంద్రం ఉంది. ముందురోజు అది తెరిచే వేళలు చూసుకుని వెళ్లండి. అక్కడివాళ్లను ఆ పొద్దున ఏ పక్షులు కనిపించాయని అడిగితే ఎంతో ఆదరంగా చెబుతారు. ఏ పుస్తకమూ ఇవ్వలేని సమాచారం అది.

మే చివర ఒట్టెన్‌బిలో ప్రత్యేకంగా చూడవలసింది సముద్రం మీదుగా సాగే బ్రెంట్ బాతుల వలస. నల్లటి తల, నల్లటి మెడ ఉన్న ఈ చిన్న అడవి బాతులు హాలండ్, జర్మనీ తీరాల్లో చలికాలం, వసంతం గడిపి సైబీరియా ఉత్తర తీరానికి పోతాయి. గాలి అనుకూలించిన రోజున నీటిని ఒరుసుకుంటూ వరసలు వరసలుగా కొస దాటుతుంటే చూడటం మరచిపోలేని అనుభవం. తీరపు పచ్చికల్లో తీతువుకు దగ్గరి బంధువైన ఉత్తరాది తీతువు, పైకి వంగిన సన్నని ముక్కుతో అవోసెట్, అదృష్టం బాగుంటే రఫ్ కనిపిస్తాయి. రఫ్ మగపక్షికి ఈ కాలంలో మెడ చుట్టూ ఈకల వలయం పూస్తుంది. ఒక్కో పక్షికి ఒక్కో రంగు: నలుపు, తెలుపు, గోధుమ. ఒకేచోట చేరి ఆడపక్షుల ముందు ఆ ఈకలు విప్పి పోటీ పడతాయి. ఇదే జాతి పక్షి చలికాలంలో మన దేశపు చిత్తడి నేలలకు కూడా వస్తుంది. అప్పుడు మెడలో ఆ ఆడంబరం ఏమీ ఉండదు. నెల్లూరు వైపు పులికాట్ చూసిన నాన్నగారికి ఈ సంగతి చెప్పండి, ఆసక్తిగా వింటారు. ఓలాండ్‌లో గూడు కట్టేవి ఇప్పుడు చాలా తగ్గిపోయాయి. కనిపించకపోతే నిరాశపడవద్దు.

గూళ్ల కాలంలో ఒట్టెన్‌బి తీరపు పచ్చికల్లోకి మనుషులను రానివ్వరు. ఎక్కడ ఆగాలో బోర్డులు ఉంటాయి. దారి మీదా, పక్షులు చూసే మంచెల మీదా నిలబడే చూడాలి. కాబట్టి దుర్భిణి తప్పనిసరి. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపేది అందరికీ అనువు, చేతులు వణికినా బొమ్మ నిలుస్తుంది.

ఒట్టెన్‌బికి వెళ్లే దారిలో తీరం నుంచి తీరం దాకా దీవిని అడ్డంగా కోసే రాతి గోడ ఒకటి కనిపిస్తుంది. దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. తరవాత స్వీడన్ రాజైన పదో కార్ల్ గుస్టావ్ 1653లో కట్టించాడు, కొసన ఉన్న జింకలు దాటి పోకుండా. 1569 నుంచి 1801 వరకు ఓలాండ్ అంతా రాజుగారి వేట భూమి. పంటను జింకలు మేసేసినా రైతుకు వాటిని చంపే హక్కు లేదు. ఒట్టెన్‌బి తోపులో ఇప్పటికీ తిరిగే ఫాలో జాతి జింకలు ఆనాటి మంద సంతానమే. గోడ పక్కన రెండు నిమిషాలు ఆగి పాపకు ఈ కథ చెప్పండి.

రైతుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి గట్టిగా చెప్పాలనిపిస్తోంది. చాలామంది అల్వారెత్‌ను మనిషి చెయ్యి పడని ప్రకృతి అనుకుంటారు. నిజం అందుకు పూర్తిగా వ్యతిరేకం. వేల ఏళ్లుగా ఆవులు, గొర్రెలు మేస్తేనే అది అలా ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో మేత తగ్గిన చోటల్లా జూనిపర్, ఇతర పొదలు అల్లుకుపోయి చిన్న పూల మొక్కలను ముంచేశాయి. 1990ల చివర ఐరోపా సమాఖ్య సాయంతో పొదలు నరికి, గోడలు బాగుచేసి, పశువులను తిరిగి తోలారు. 2000లో యునెస్కో దక్షిణ ఓలాండ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది కూడా వ్యవసాయ భూదృశ్యంగానే. గట్టు మీద వరసగా కట్టుకున్న ఊళ్లు, వాటి చుట్టూ పొలాలు, వెనక ఊరుమ్మడి మేతభూమిగా అల్వారెత్, అన్నీ కలిపి ఒకే వ్యవస్థ. మీరు చూసే ప్రతి ఆర్కిడ్ వెనక ఓ రైతు పశువులు ఉన్నాయి. గేటు తీస్తే మూసి వెళ్లడం, రాతి గోడ ఎక్కకుండా దాటడానికి పెట్టిన మెట్లే వాడటం, పశువుల మందను చుట్టు తిరిగి దాటడం ఆ రైతుల పట్ల కనీస మర్యాద. లేగదూడలు ఉన్న మందకు, ఎద్దుకు బాగా ఎడంగా నడవండి.

1741 జూన్ మొదట్లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ ఈ దీవి మీద అడుగుపెట్టాడు. అద్దకానికి, వైద్యానికి పనికొచ్చే మొక్కలు స్వదేశంలోనే దొరుకుతాయేమో చూసి రమ్మని స్వీడన్ పార్లమెంటు పంపింది. ఆయన వచ్చింది కూడా ఇంచుమించు మీరు వెళ్లబోయే కాలంలోనే.

ఇక మూడు రోజులను ఎలా వాడుకోవాలో చెబుతాను. మాల్మో నుంచి కారులో మూడున్నర గంటల దారి, వంతెనకు సుంకం లేదు. పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి మొర్బిలొంగా చేరతారు. ఆ సాయంత్రం విక్లెబి దగ్గరి బెయర్స్‌హమ్‌కు వెళ్లండి. సముద్రంలోకి సాగిన పాత రేవు గట్టు, దాని చుట్టూ రెల్లు, తడి అడవి, పక్షుల మంచె. పెద్దవాళ్లు కూడా మెల్లగా నడవగల దారి. మే చివర తొమ్మిదిన్నర దగ్గరకు వచ్చినా పూర్తి చీకటి పడదు, కాబట్టి భోంచేసి వెళ్లవచ్చు. పొదల్లోంచి నైటింగేల్ పాట వినిపిస్తుంది. ఇది ఉత్తరాది నైటింగేల్, చూడటానికి మామూలు గోధుమరంగు పిట్ట. గొంతు మాత్రం అంత చిన్న శరీరంలోంచి వస్తోందంటే నమ్మబుద్ధి కాదు. గలగలలు, టకటకలు, మధ్యలో పొడవాటి ఈలలు. రాత్రి పదకొండు దాటాక ఇంకా బాగా పాడుతుంది. పాప నిద్రపోయాక మీలో ఇద్దరైనా మళ్లీ బయటికి రండి.

రెండో రోజు తెల్లవారకముందే లేవగలిగితే ఒట్టెన్‌బి. నాలుగున్నర లోపే సూర్యోదయం. అందరినీ ఆ వేళకు లేపడం కుదరదు కాబట్టి మీరొక్కరే వెళ్లి ఎనిమిదింటికి తిరిగి వచ్చి, ఫలహారం చేసి కుటుంబంతో మళ్లీ వెళ్లినా నష్టం లేదు, మొర్బిలొంగా నుంచి దూరం సుమారు నలభై కిలోమీటర్లే. తిరుగు దారిలో పడమటి గట్టు మీద యెట్లింగె దగ్గర ఆగండి. ఇనుపయుగపు సమాధులు, నిలువురాళ్లు, గాలిమర ఉన్న చోటు. ఒకవైపు సముద్రం, రెండోవైపు అల్వారెత్ కనిపిస్తాయి.

మూడో రోజు పొద్దంతా అల్వారెత్‌కే. రెస్మో నుంచి తూర్పున స్టెన్‌ఓసాకు వెళ్లే చిన్న రోడ్డు దాని మీదుగానే పోతుంది. మధ్యలో మొకెల్‌మొసెన్ అనే లోతులేని చెరువు, దాని పక్కనే కారు ఆపే చోటు ఉన్నాయి. కారు దగ్గరి నుంచి వంద అడుగుల్లోనే మంచి పూలు మొదలవుతాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు అదే చాలు. మీరు, పాప గుర్తులు పెట్టిన కాలిబాట వెంట గంటో రెండు గంటలో నడవండి. తలపైన భరతపక్షి ఆగకుండా పాడుతూనే ఉంటుంది. మధ్యాహ్నం వెనుదిరిగే ముందు గాలి మరీ ఎక్కువైతే, లేదా వాన పడితే, దీవి నడుమనున్న ఆకురాల్చే అడవిలో ఇస్మాన్‌తోర్ప్ శిథిలం చూడండి. తొమ్మిది ద్వారాలున్న గుండ్రటి పాత కోట. చుట్టూ చెట్లు గాలిని అడ్డుకుంటాయి.

బండల మీద నడిచేటప్పుడు పాపకు ఇంకో పని అప్పగించండి. ఓలాండ్ సున్నపురాయి దాదాపు 47 కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు అడుగు. అందులో పొడవాటి, కొసకు సన్నబడే శంకువుల్లాంటి గుర్తులు ఉంటాయి, అడ్డంగా గదులు గదులుగా గీతలతో. నేటి స్క్విడ్‌ల దూరపు బంధువులవి. బండల మీదే కాదు, ఊళ్లలో ఇంటి మెట్ల మీద, చర్చి గచ్చులో కూడా కనిపిస్తాయి. మన నాపరాళ్లు ఇంతకంటే పాతవి, గుల్లలున్న ప్రాణులు పుట్టకముందే ఏర్పడ్డవి. అందుకే మన ఇంటి గచ్చులో ఇలాంటివి దొరకవు.

జాగ్రత్తల్లో అన్నిటికంటే ముఖ్యం పిడుదులు. మన ఊళ్లో పశువులకు పట్టేవే, ఇక్కడ మనుషులకు పట్టి రెండు జబ్బులు తెస్తాయి. ఒకటి లైమ్ వ్యాధి, రెండోది టీబీఈ అనే మెదడువాపు. టీబీఈకి టీకా ఉంది, అయితే నెల ఎడంతో కనీసం రెండు మోతాదులు పడితేనే రక్షణ మొదలవుతుంది. ఇప్పుడే ఆరోగ్య కేంద్రంలో అడగండి, ముందు వారం అడిగితే లాభం లేదు. ఎత్తయిన గడ్డిలో, పొదల్లో ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోండి. రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, పాప చెవుల వెనక, జుట్టు మొదట్లో వెతకండి. మందుల షాపులో పిడుదులు తీసే చిన్న పట్టకారు దొరుకుతుంది, చర్మానికి ఆనించి పట్టి మెల్లగా లాగేయాలి. నూనె రాయడం, కాల్చడం వంటివి వద్దు. కొన్ని రోజుల తరవాత కుట్టిన చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్లండి, యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

చలి సంగతి అమ్మానాన్నల కోసం చెబుతున్నాను. మే చివర పగలు పదిహేను, పద్దెనిమిది డిగ్రీలు ఉండవచ్చు గానీ అల్వారెత్ మీద గాలికి అడ్డు ఏదీ లేదు. చెవులు కప్పే టోపీ, గాలి చొరని పై కోటు తప్పక ఉండాలి. చీర కట్టుకుని ఆ గాలిలో, ఆ గరుకు బండల మీద నడవడం కష్టం. అమ్మగారికి సల్వార్, మడమ పట్టే బూట్లు మంచివి. ఎండ కూడా తక్కువేమీ కాదు, నీడ ఎక్కడా దొరకదు. నీళ్లు, తినడానికి కాసిన్ని పులిహోర పొట్లాలు వెంట ఉంచుకోండి, అల్వారెత్ మీద అంగళ్లు లేవు.

భోజనానికి వంటగది ఉన్న బస చూసుకోండి. స్వీడన్‌లో వాండ్రార్‌హెమ్ అనే హాస్టళ్లలో అతిథులు వండుకునే వంటగది మామూలుగానే ఉంటుంది. దుప్పట్లు, తువ్వాళ్లు మనమే తీసుకెళ్లాలా అన్నది ముందే అడగండి. ఓలాండ్ వంటకమని ఎక్కడ చూసినా క్రొప్‌కాకా పెడతారు. బంగాళదుంప ఉండలే గానీ లోపల పంది మాంసం ఉంటుంది. పుట్టగొడుగులు పెట్టి చేసేవాళ్లూ ఉన్నారు, అడిగి తెలుసుకోకుండా తినవద్దు. మీరు కొనవలసింది ఓలాండ్ గోధుమరంగు చిక్కుడు గింజలు. ఈ దీవి మీద పండినవాటికే ఆ పేరు వాడాలని ఐరోపా సమాఖ్య గుర్తింపు ఉంది. కిరాణా షాపుల్లో పొట్లాల్లో దొరుకుతాయి. రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, మామూలుగా ఉల్లి, అల్లం, కారం వేసి కూర చేసుకుంటే అన్నంలోకి చాలా బాగుంటాయి. ఇంటికి కూడా రెండు పొట్లాలు తెచ్చుకోండి.

బసకు ఫోను చేసేటప్పుడు కింది అంతస్తు గది అడగండి, పాత ఇళ్లలో మెట్లు నిటారుగా ఉంటాయి. తేదీలు ఖాయమయ్యాక ఏ వారమో రాయండి. ఆ ఏడాది వసంతం ముందొచ్చిందా ఆలస్యమైందా చూసి, ఆర్కిడ్ల కోసం ఏ పచ్చికకు ముందు వెళ్లాలో చెబుతాను.